ఓవర్ అనని మేకపోతు

తాతబ్బాయి గొంతు గురించి దొరువుపాలెంలో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలు. ఏ సగమో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. పై లాకు మీద నిలబడి అతను ఒక్క కూత పెడితే దిగువన తోకగేటు దగ్గర కొంగలు లేచిపోయేవన్నది నిజం. పక్కూరి పెళ్ళిలో సన్నాయి వాయించే ఆయన ఆ కూత విని, శ్రుతిపెట్టె వాడు తప్పు పట్టాడనుకుని వాడి నెత్తి మీద ఒకటి మొట్టాడన్నది కూడా నిజమేనంటారు. తాడెక్కిన గీతగాడు ఉలిక్కిపడి, ఒక చెట్టెక్కి ఇంకో చెట్టు దిగాడన్నది మాత్రం, పోనివ్వండి, కొంచెం పెంచారనుకుందాం.

ఆ గొంతుకి ఒక పనుంది. మొల్లేరు కాలవ మీద పై లాకుకి తాతబ్బాయి లస్కరు. తలుపులెత్తి నీళ్ళు వదిలే ముందు గట్టు మీద నిలబడి, చెవి మీద చెయ్యేసుకుని, "నీళ్ళొత్తన్నాయహో...!" అని కూత పెట్టాలి. రేవులో బట్టలుతికేవాళ్ళు మెట్లెక్కేవాళ్ళు. బాతులవాళ్ళు బాతుల్ని గట్టుకి తోలేవాళ్ళు. తోకగేటు లస్కరు ఏసుపాదం చుట్ట పక్కన పెట్టి, "ఇన్నాను బావా...!" అని మారుకూత పెట్టి తన తలుపులెత్తేవాడు. తాతబ్బాయిది ఒక కులం, ఏసుపాదానిది ఇంకో మతం. ఇద్దరూ బావలెలా అయ్యారో కాలవకే తెలియాలి. వాళ్ళ తండ్రులు కూడా అదే గేట్ల మీద అలాగే పిలుచుకునేవారట.

ఇంత గొంతున్న మనిషికి ఉద్యోగం మాత్రం పర్మినెంటు కాలేదు. వర్కుఛార్జీ లస్కరు. అంటే ఉంటే ఉన్నట్టు, పొమ్మంటే పోయినట్టు. అతని పెళ్ళాం చెల్లాయమ్మకి ఇదే దిగులు. ఆవిడ తోడికోడళ్ళ మొగుళ్ళిద్దరూ పర్మినెంటు. పేరంటాల్లో వాళ్ళు చాప మధ్యలో కూర్చుంటే ఈవిడ చాప అంచు మీద కూర్చునేది.

"చాప అంచు గుచ్చుకుంటందయ్యా," అనేది మొగుడితో. "నీ గొంతు మూడూళ్ళకి ఇనపడుద్దంటారు, ఆ ఆపీసులో ఒక్క గుమాస్తా చెవిలో పడదేం?"

చివరికి ఫైలు కదిలింది. కాలవ కట్టేసి మళ్ళీ వదిలేలోపు ఆర్డరు చేతికొస్తుందని కచేరీలో చెప్పారు. సరిగ్గా అప్పుడే నిడుముక్కల త్రివిక్రమరావు గారు దిగారు.

ఆయన హోదా పేరు 'సంభాషణ భద్రతా ప్రత్యేకాధికారి.' ఎక్కడో పెద్ద మీటింగులో ఎవరో పెద్దమనిషి, "ఈ కాలంలో కూడా మన శాఖలో అరుచుకుంటున్నారా?" అన్నాడట. ఆ ఒక్క ప్రశ్నకి జవాబుగా త్రివిక్రమరావు గారినీ, ఒక జీపునీ, జీపు నిండా వాకీటాకీలనీ పంపించారు.

లాకుల బంగళాలో లస్కర్లందర్నీ కింద కూర్చోబెట్టి ఆయన శిక్షణ ఇచ్చారు. చేతిలో నల్లటి సెట్టు పట్టుకుని, పసిపిల్లకి అన్నప్రాసన చేస్తున్నంత జాగ్రత్తగా నోటి దగ్గర పెట్టుకున్నారు.

"దీనిని ద్విముఖ నిస్తంత్రీ సంభాషణోపకరణము అందురు. ఇకమీదట యంత్రేతర సంభాషణ శాఖాపరముగా నిషేధించడమైనది."

"యంత్రేతర అంటే ఏంటండి?" అన్నాడు తాతబ్బాయి.

"నోటితో మాట్లాడుట."

"మరి ఆ పెట్టెలో దేంతో మాట్టాడాలండి?"

"నోటితోనే. కాని యంత్రము ద్వారా." త్రివిక్రమరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "బొత్తాము నొక్కవలెను. ఒక్క క్షణము ఆగవలెను. అటుపిమ్మట స్పష్టముగా, క్లుప్తముగా, ఉద్వేగరహితముగా పలుకవలెను. పేర్లు వాడరాదు. నీవు ఎగువ ఒకటి. ఆ కూర్చున్నతను దిగువ రెండు. నేను శిఖరము. విన్నట్టు తెలుపుటకు 'రోజర్' అనవలెను."

ఏసుపాదం చెయ్యెత్తాడు. "మా పాస్టరు గారి పేరు రోజర్ గారండి. ఆయన పేరు గేటు కాడ ఊరికూరికే తీస్తే బాగోదేమోనండి. 'ఆయ్' అంటే సరిపోదాండి?"

"'ఆయ్' అనునది గుర్తింపు పొందిన పదము కాదు. అన్నింటికంటె ముఖ్యమైన నియమము వినుడు. మాట ముగించినవాడు 'ఓవర్' అనవలెను. ఆ మాట అననంత వరకు లైను అతని సొత్తు. ఇతరులెవ్వరు నోరు మెదపరాదు. శిఖరము సైతము మెదపరాదు."

నియమం తప్పితే 'వాగ్దోషము' కింద రాసుకుంటారు. మూడు వాగ్దోషాలైతే ఆ లస్కరు ఫైలు మూసేస్తారు. ఆ మాట అంటున్నప్పుడు త్రివిక్రమరావు గారు ఎవరి వంకా చూడలేదు గానీ, లస్కర్లందరూ తాతబ్బాయి వంక చూశారు.

మొదటి దోషం మొదటి రోజే పడింది. తలుపులెత్తే వేళకి తాతబ్బాయి బొత్తాం నొక్కి, క్షణం ఆగి, "ఎగువ ఒకటి నుంచి దిగువ రెండుకి. నీళ్ళు వదులుతున్నాం. ఓవర్," అన్నాడు. అంతవరకూ చిలకలా బాగానే ఉంది. అవతల్నుంచి ఏసుపాదం, "దిగువ రెండు. రో... రోజర్. ఓవర్," అన్నాడు. దిగువన గట్టు మీద ఏసుపాదం కనిపిస్తూనే ఉన్నాడు. అంత దగ్గరి మనిషి అంత దూరపు మాట మాట్లాడేసరికి తాతబ్బాయి మనసు చివుక్కుమంది. మళ్ళీ బొత్తాం నొక్కి, "ఏం బావా, కోపమొచ్చిందా?" అనేశాడు.

"వాగ్దోషము," అంది పెట్టె, శిఖరం గొంతుతో. "తరంగ మార్గమున బంధుత్వములు నిషిద్ధము."

రెండోది ఇంకా అన్యాయం. ఒక ఉదయం తలుపులెత్తమని శిఖరం నుంచే ఆజ్ఞ వచ్చింది. దాన్ని దిగువకి అందించబోతూ బొత్తాం నొక్కిన తాతబ్బాయికి తుమ్మొచ్చింది. ఆ తుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏసుపాదం చేతిలో సెట్టు జారి బురదలో పడింది. బురద తుడిచి వింటే, ఎంతసేపటికీ రెండో తుమ్ము లేదు.

ఒంటి తుమ్ము! పని మొదలెట్టబోతుంటే ఒంటి తుమ్ము తుమ్మితే ఎవరు కదులుతారు? ఏసుపాదానికి యేసుప్రభువు మీద ఎంత నమ్మకమో ఒంటి తుమ్ము మీద అంత భయం. గేటు చక్రం మీద చేతులు తీసేసి, మెట్టు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, తుమ్ము దోషం పోయేదాకా ఆగాడు. పైన నీళ్ళు ఎగదన్నాయి. తాతబ్బాయి బుర్ర చురుగ్గానే పనిచేసింది. రెండో తుమ్ము పడితే మొదటిది చెల్లిపోతుంది గదా! రేవులో ఉన్న ముసలమ్మని నస్యం అడిగి పట్టించుకుని, బొత్తాం నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. తుమ్ము వస్తానంటుంది, రాదు. "హా... హా... హా..." అని లైనంతా అతని ఊపిరే.

"ఎగువ ఒకటి! ఏమిటా శబ్దము?" శిఖరం గర్జించింది, అతను బొత్తాం వదలగానే.

"తుమ్ముకి జత కోసమండి, ఓవర్."

"రెండవ వాగ్దోషము."

సాయంత్రం ఈ మాట విన్న చెల్లాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "ఇంకోటి పడితే మన ఫైలు కాలవలో కలుసుద్ది. రేపట్నించి నువ్వు తుమ్మొచ్చినా, దగ్గొచ్చినా, చావొచ్చినా నోరెత్తకు. నీకు దణ్ణం పెడతాను."

అప్పట్నుంచి తాతబ్బాయి ఇంట్లో కూడా గుసగుసలాడటం మొదలెట్టాడు. ఊళ్ళో వాళ్ళు జబ్బు చేసిందనుకుని బత్తాయిపళ్ళు తెచ్చిచ్చారు.

త్రివిక్రమరావు గారు అంతటితో ఆగలేదు. సెట్టుతో పాటు వచ్చిన కాగితాన్ని ఒకరోజు తీరిగ్గా చదివారు. అందులో, 'ఈ ఉపకరణాన్ని నీటికి దూరంగా ఉంచవలెను' అని ఉంది. నీటిపారుదల శాఖ మొత్తమ్మీద ఆ వాక్యాన్ని అంత శ్రద్ధగా చదివిన మొట్టమొదటి మనిషి ఆయనే. వెంటనే తాడు పట్టించి కొలిపించి, కాలవకి బాగా ఎడంగా ఎర్రదిబ్బ మీద పై లాకు వాళ్ళకొక పాక, దిగువన ఇసుకమేట మీద తోకగేటు వాళ్ళకొక పాక వేయించారు. సెట్లు ఆ పాకల్లోనే వాడాలి. అక్కణ్ణుంచి కాలవ కనపడదు. కాలవ దగ్గరుంటే సెట్టు వాడకూడదు. తాతబ్బాయి సైకిలెక్కి కాలవ దగ్గరికెళ్ళి నీళ్ళు చూసొచ్చి, దిబ్బెక్కి, రొప్పు తగ్గేదాకా ఆగి, ఎందుకంటే రొప్పు కూడా ఉద్వేగమేనట, "నీటి మట్టం పెరుగుతున్నది, ఓవర్," అనేవాడు. అతనామాట అనేలోపు మట్టం తగ్గేది కూడా.

"అయ్యా, చూసినప్పుడు పెరుగుతుందండి, చెప్పినప్పుడు తగ్గుతుందండి," అని విన్నవించుకుంటే, "నీటి తప్పునకు శాఖ బాధ్యత వహించదు," అన్నారు.

ఎండలు ముదిరి కాలవ కట్టేశారు. లాకు తలుపులు ఊడదీసి రంగులకని గట్టు మీద పడుకోబెట్టారు. నీళ్ళు లేవు, మాటా లేదు. ఏసుపాదం తన పాకలో గుంజకి సెట్టు తగిలించి గంజి తాగడానికి ఇంటికెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే ఇటు అమ్మవారి మేకపోతు పాకలోకి దూరింది.

ఈ మేకపోతు గురించి ఒక్క మాట చెప్పాలి. జాతరకని అమ్మవారి పేరు చెప్పి ఊరు దాన్ని వదిలేసింది. మెడలో పసుపుతాడు, తాడుకి గంట. జాతర దాకా అది ఎవరి గడపైనా తొక్కొచ్చు, ఎవరి వాములోనైనా దూరొచ్చు, ఎవరి లుంగీ అయినా నమలొచ్చు. అదిలించడానికి వీల్లేదు. తాకడానికి అసలే వీల్లేదు. గుంజకి కట్టిన వేపమండ కోసం అది తల దూర్చినప్పుడు సెట్టు పట్టెడ దాని మెడలో పడింది. పసుపుతాడు బొత్తాం మీదికొచ్చి గట్టిగా బిగుసుకుపోయింది.

"మేఁ..." అంది మేకపోతు.

మొల్లేరు కాలవ పొడుగునా ఉన్న ప్రతి పెట్టె, "మేఁ..." అంది.

ఓవర్ మాత్రం అనలేదు.

ఎర్రదిబ్బ మీద తాతబ్బాయి చెవులు రిక్కించాడు. కచేరీలో శిఖరం కూడా రిక్కించింది. మధ్యమధ్య ఆకు నమిలిన చప్పుడు, గంట చప్పుడు, మళ్ళీ "మేఁ." పొద్దు గుంకినా, మళ్ళీ పొడిచినా లైను మేకపోతు చేతిలోనే ఉంది. ఆ బ్యాటరీ ఏ పుణ్యాత్ముడు చేశాడో గానీ వారం తిరిగినా అయిపోలేదు. దానికీ అమ్మవారి పూనకం వచ్చిందన్నారు ఊళ్ళోవాళ్ళు.

కచేరీలో రేడియో గుమాస్తా ఉండబట్టలేక, "అయ్యా, ఇది మేకండి," అన్నాడు.

"ఆ సమాచారము రేడియోలో వచ్చినదా?"

"లేదండి. నేనే చెప్తున్నానండి."

"నోటితోనా?" అన్నారు త్రివిక్రమరావు గారు.

ఏసుపాదానికి సంగతి తెలుసు. కానీ ఎలా చెప్తాడు? రేడియోలో చెబుదామంటే లైను మేకపోతుది. వెళ్ళి నోటితో చెబుదామంటే యంత్రేతరం. పోనీ సెట్టు తీసేసుకుందామంటే అమ్మవారి మేకపోతు మీద చెయ్యి వేస్తే ఊరు ఊరుకోదు. "పైగా అది నాకు మత సమస్య కూడా అవుద్ది బావా," అన్నాడు తాతబ్బాయి చెవిలో, గోడ చాటున.

"మరెలాగ?" అని గుసగుసగా అన్నాడు తాతబ్బాయి.

"జాతర రానీ. అమ్మవారే మాట్టాడుకుంటాది."

ఇంతలో నెలాఖరు తనిఖీ వచ్చింది. త్రివిక్రమరావు గారు కూర్చుని ప్రతి సెట్టు నడవడికా పరిశీలించారు. అందరికీ దోషాలున్నాయి. ఒక్క దిగువ రెండుకి లేవు. పేరు వాడలేదు. బంధుత్వం కలపలేదు. జీతం పెంచమనలేదు. ఎవరినీ తిట్టలేదు. మాట స్పష్టం, క్లుప్తం, ఉద్వేగరహితం. 'శాఖ చరిత్రలో ఇంతటి వాక్సంయమము అపూర్వము' అని స్వదస్తూరీతో రాసి, ఏసుపాదానికి ఉత్తమ సంభాషకుడి బహుమతి ప్రకటించారు.

"నీకు బహుమతా? నువ్వసలు మాట్టాడితే గదా!" తాతబ్బాయికి కడుపు మండిపోయింది.

"అందుకే బావా ఇచ్చేది," అన్నాడు ఏసుపాదం.

బహుమతి ప్రదానానికి 'సంభాషణ భద్రతా వారోత్సవం' పెట్టారు. ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చయింది. చెట్ల కింద పెడితే తరంగాలకి అడ్డు. రేకుల షెడ్డు లోహం. స్కూలు ఆవరణ మీదుగా కరెంటు తీగలు పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, నీటికి దూరంగా ఉండాలి.

"ఎండిన కాలువకంటె నీరు లేని స్థలము మరి యెక్కడనున్నది?" అన్నారు త్రివిక్రమరావు గారు. శామియానా కాలవ మధ్యలో వేశారు.

జనం కోసం ఊరి ఆడవాళ్ళని పిలిచారు. వచ్చినవాళ్ళకి స్టీలు డబ్బా ఇస్తామన్నారు. చెల్లాయమ్మ డబ్బా కోసం వెళ్ళలేదు. ఫైలు గుమాస్తా ఆవిడకొక మాట చెప్పాడు: తాతబ్బాయి ఆర్డరు మీద సంతకాలైపోయాయి, త్రివిక్రమరావు గారి చొక్కా జేబులో ఉంది, పెద్ద ఇంజినీరు గారి చేతుల మీదుగా సభలోనే ఇప్పిస్తారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో, చాప నడిమధ్యన కూర్చుంది.

తాతబ్బాయిని మాత్రం పై లాకు దగ్గర కాపలా పెట్టారు. కాలవలో నీళ్ళు లేవు గనక ఆ రోజుకి గట్టు మీద సెట్టు వాడొచ్చని ప్రత్యేక అనుమతి. పెద్ద ఇంజినీరు గారి కారు కనపడగానే రేడియోలో చెప్పాలి, లైను ఖాళీ అయితే. కారు వచ్చింది, వెళ్ళింది. లైను ఖాళీ కాలేదు. సైకిలు అతిథుల ఐసుపెట్టె మోయడానికి పట్టుకుపోయారు. తాతబ్బాయి ఒక్కడే తూము గోడ మీద కూర్చుని, సభలో తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని వింటున్నాడు.

ముందు ఒక ఎండుటాకు వచ్చింది, నడుచుకుంటూ. దాని వెనక గడ్డిపోచలు, ఒక చెప్పు, నురగ.

తాతబ్బాయి లేచి నిలబడ్డాడు.

సంగతేమిటంటే, కాలవ కింది ఊళ్ళలో తాగునీటి చెరువులు ఎండిపోయాయని పై నుంచి నీళ్ళు వదలమన్నారు. పై లాకుకి ఇంకా ఎగువనున్న గేటువాళ్ళు పొద్దున్నుంచీ దిగువకి చెప్పాలని బొత్తాం నొక్కుతూనే ఉన్నారు. ఎప్పుడు నొక్కినా "మేఁ." నియమం నియమమే. సమాచారం అందకపోయినా నీళ్ళు వేళకి వదలాలన్నది ఇంకో నియమం. అదీ నియమమే. రెండింటినీ పాటించారు.

నురగ వెనక గోధుమరంగు నీళ్ళు గట్టుకీ గట్టుకీ మధ్య బారుగా వస్తున్నాయి. ఆ నీళ్ళ మీద ఎగువ ఊరి బాతుల మంద, పెళ్ళికి పోతున్నట్టు, బక్‌బక్‌మంటూ వస్తోంది. వేద్దామంటే లాకుకి తలుపుల్లేవు. పరిగెత్తుదామంటే నీళ్ళు అతనికంటే కుర్రవి.

తాతబ్బాయి బొత్తాం నొక్కాడు. "ఎగువ ఒకటి..."

"మేఁ..."

"శిఖరం..."

గంట చప్పుడు. ఆకు నమిలిన చప్పుడు.

అతను సెట్టు వంక చూశాడు. దూరంగా శామియానా వంక చూశాడు. నోరు తెరిస్తే మూడోది. మూడోదైతే ఆ జేబులో కాయితం చింపేస్తారు. చాప మధ్యలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ అంచుకి జరగాలి. అయితే నోరు మూసుకుంటే జరగడానికి ఆ మనిషే ఉండదు.

సెట్టు గోడ మీద పెట్టాడు. చెవి మీద చెయ్యేసుకున్నాడు.

"నీళ్ళొత్తన్నాయహో...! చెల్లాయే... లెగవే...!"

వారాల తరబడి గుసగుసల కింద తొక్కిపెట్టిన గొంతది. శామియానా గొడుగులా పైకి లేచి మళ్ళీ కూర్చుందంటారు. వేదిక మీద మైకులు రెండూ ఒకదానికొకటి తల కొట్టుకున్నాయంటారు. ఇసుకమేట మీద మేకపోతు బెదిరిపోయి గెంతితే పసుపుతాడు సడలి బొత్తాం పైకి లేచిందన్నది మాత్రం రూఢి. అన్నాళ్ళ తర్వాత లైను ఖాళీ అయింది. ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఆ కూత వినడం దొరువుపాలెం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. ఎందుకని అడగలేదు, ఏమిటని చూడలేదు. డబ్బాలు చంకన పెట్టుకుని గట్టెక్కేశారు. వాళ్ళని చూసి పెద్ద ఇంజినీరు గారు, మెడలో దండతో, అందరికంటే ముందెక్కేశారు.

త్రివిక్రమరావు గారు కదల్లేదు. "ఆగుడు! అది యంత్రేతర సంభాషణ! ఎవ్వరు వినరాదు!" అని వేదిక మీద చేతులు చాచి నిలబడ్డారు. నీళ్ళు ఆయన బూట్లడిగాయి, మోకాళ్ళడిగాయి, కుర్చీని లేపి ఎత్తుకుపోయాయి. బాతులు వేదికెక్కి ఆయన చుట్టూ సభ తీర్చాయి. చివరికి చెల్లాయమ్మే నడుం లోతు నీళ్ళలోకి దిగి, ఆయన చొక్కా కాలరు దొరకబుచ్చుకుని గట్టు మీదికి లాగింది.

"సెట్టు... సెట్టు నీటికి దగ్గరగా ఉన్నది," అన్నారాయన, నీళ్ళు కక్కుతూ.

చెల్లాయమ్మ ఆయన జేబులో చెయ్యి పెట్టి కాయితం తీసింది. అక్షరాలన్నీ కాలవలో కలిసిపోయి, తెల్లగా, తడిగా, పూతరేకులా ఉంది.

తర్వాత విచారణ జరగకుండా ఉంటుందా? లాకుల బంగళాలోనే జరిగింది. పెద్ద ఇంజినీరు గారే విచారణాధికారి. మెడ మీద దండ నార గీరుకున్న గుర్తులింకా ఉన్నాయి. తాతబ్బాయి గుమ్మం దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. వెనక చెల్లాయమ్మ, ఏసుపాదం.

"మూడవ వాగ్దోషము నిర్ద్వంద్వముగా రుజువైనది," అన్నారు త్రివిక్రమరావు గారు. "ఫైలు మూసివేయవలసినది."

పెద్ద ఇంజినీరు గారు గొంతు సవరించుకున్నారు. "అది సరేగాని త్రివిక్రమరావు గారూ, ఆ కూత నియమం ప్రకారం సమాచారం కాదు గదా?"

"ముమ్మాటికీ కాదు."

"మరి ఏ సమాచారమూ లేకుండా నేను సభ మధ్యలో లేచి పరుగెత్తినట్టు కాగితం మీదికెక్కుతుందే. దానికి శిక్షేమిటి?"

త్రివిక్రమరావు గారు పుస్తకం తిరగేశారు. "అనుమతి లేక విధిస్థలము వీడుట... సస్పెన్షను."



"పోనీ అది సమాచారమే అనుకుందాం," అన్నారు పెద్ద ఇంజినీరు గారు మెల్లగా.

"అప్పుడు సమాచారము ఉపకరణము ద్వారా వచ్చి ఉండవలెను. లేనిచో మన సెట్లన్నియు..." త్రివిక్రమరావు గారు మధ్యలో ఆగిపోయారు. ఆయన కళ్ళు తాతబ్బాయి మీద పడి, అక్కడే ఉండిపోయాయి. ఆ చూపు చూసి తాతబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దూరముననున్న వారికి తీగ లేకుండ మాట చేరవేయునది ఏది?" అన్నారు త్రివిక్రమరావు గారు, తనలో తానే.

"నిస్తంత్రీ ఉపకరణం," అన్నారు పెద్ద ఇంజినీరు గారు.

"ఏమయ్యా, అవతలివాడు పలికిన నీకు వినబడునా?"

"ఇనపడుద్దండి," అన్నాడు తాతబ్బాయి అయోమయంగా.

"ద్విముఖము!" త్రివిక్రమరావు గారు బల్ల గుద్దారు. "అయ్యా, ఇక్కడ వాగ్దోషము లేదు. ఉద్యోగి మాట్లాడలేదు. ఉపకరణము పనిచేసినది!"

మర్నాటికి ఆర్డరు వచ్చింది. తాతబ్బాయిని శాశ్వత స్టాకు రిజిస్టరులో ఎక్కించారు: 'ద్విముఖ నిస్తంత్రీ ఉపకరణము, దేశవాళీ, పెద్ద రకము, ఒకటి. స్థితి: పనిచేయుచున్నది.'

చెల్లాయమ్మ ఆ కాయితం గుమాస్తా చేత చదివించింది.

"పర్మినెంటేనా?"

"పర్మినెంటేనమ్మా. కాకపోతే మనిషిగా కాదు. సామానుగా."

"మనిషిగా ఈయన ఎప్పుడున్నాడు గనక," అంది చెల్లాయమ్మ. "పింఛనొస్తుందా?"

"సామాను రిటైరు కాదమ్మా. పలికినన్నాళ్ళూ నిర్వహణ ఖర్చిస్తారు. ఛార్జింగు నిమిత్తం రెండు పూటలా భోజనం కూడా రాశారు."

"చేపల పులుసని రాయించు. అది లేకపోతే ఈ సెట్టు సరిగ్గా పలకదు."

రాశారు. ఆ ఏడు పేరంటాలన్నిట్లో చెల్లాయమ్మ చాప మధ్యలోనే కూర్చుంది. తోడికోడళ్ళ మొగుళ్ళు ఎప్పటికైనా రిటైరైపోయే మనుషులేనని అందరికీ గుర్తుచేసింది కూడా.

ఇక తాతబ్బాయి భోగం ఏమని చెప్పేది! సామానుకి మెమో ఇచ్చే నియమం ఏ పుస్తకంలోనూ లేదు. పొద్దున్నే గట్టెక్కి, "నీళ్ళొత్తన్నాయహో!" అని, ఆ వెంటే, "ఏం బావా, రాత్రి కూరేంటి?" అనేవాడు. "ఇన్నాను బావా, ఎండు రొయ్యలు!" అని కింద్నుంచి ఏసుపాదం. అక్కడితో ఆగకుండా త్రివిక్రమరావు గారి జీపు పోతుంటే వెనకనుంచి, ఆయన తాతముత్తాతలెవరూ ఎన్నడూ వినని బిరుదులు పెట్టి పిలిచేవాడు. ఆయన జీపాపి, పళ్ళు బిగించి, పుస్తకంలో రాసుకునేవారు: 'సెట్టులో గరగర వచ్చుచున్నది. మరమ్మతు చేయించవలెను.'

మరమ్మతుకి పట్నం నుంచి మెకానిక్కు కూడా వచ్చాడు. తాతబ్బాయి చేత నోరు తెరిపించి, టార్చి లైటు వేసి చూసి, "లోపల అంతా బాగానే ఉందండి. సౌండు తగ్గించే మీట పెట్టకుండా తయారుచేశారు," అని చెప్పి పోయాడు.

కొన్నాళ్ళకి త్రివిక్రమరావు గారిని గనుల శాఖకి మార్చారు. అక్కడ భూమిలోపల ఎవరూ అరవకుండా చూస్తున్నారట. ఆయన చోట్లోకి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. చార్జి తీసుకునే రోజున స్టాకు సరిచూసుకుంటూ ఒక్కొక్క వస్తువూ ముట్టుకుని, మోగించి, టిక్కు పెట్టుకుంటోంది. వాకీటాకీలన్నీ చూసింది. అన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. ఆఖరున తాతబ్బాయి దగ్గరికొచ్చింది.

బల్ల మీద సామాను వరసలో, అన్నిటి చివరా, తాతబ్బాయి చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలకి పులుసులో ఉప్పు దగ్గర మాటా మాటా వచ్చింది. "నేను చెప్పేదాకా నోరెత్తావంటే చూడు," అని చెల్లాయమ్మ ఖరాఖండీగా చెప్పి పంపింది.

ఇంజినీరమ్మ రిజిస్టరులో చూసింది. 'పనిచేయుచున్నది' అని ఉంది. తాతబ్బాయి వంక చూసింది. అతను పైకప్పు వంక చూస్తున్నాడు.

"ఏమండీ, ఈ సెట్టు పలకడం లేదేంటి?"

"బొత్తాం నొక్కాలండి," అన్నాడు ఏసుపాదం వినయంగా.

"ఎక్కడుంది బొత్తాం?"

"ఇంటికాడ పప్పు రుబ్బుతుందండి. పిలుచుకు రమ్మంటారా?"